ఓడలెక్కి వచ్చిన ఉత్తరాదివాళ్ళు

ఇంగ్లండుకు ఈశాన్యపు ఒడ్డున లిండిస్‌ఫార్న్ అనే చిన్న దీవి ఉన్నది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు అది దీవి. ఆటు వచ్చినప్పుడు నీళ్ళు తీసిపోయి ఇసుక బయటపడుతుంది; అప్పుడు దీవికి నడిచిపోవచ్చు. పన్నెండు వందల ఏళ్ళ కిందట ఆ దీవిలో ఒక పెద్ద క్రైస్తవ మఠం ఉండేది. అక్కడి సన్యాసులు ప్రార్థనలు చేసుకుంటూ, దూడ తోళ్ళ మీద రంగురంగుల బొమ్మలతో గ్రంథాలు రాసుకుంటూ కాలం గడిపేవారు. భక్తులు ఇచ్చిన వెండీ బంగారమూ మఠంలో చాలా పోగుపడి ఉండేది. దానికి కాపలా భటులంటూ ఎవరూ లేరు. దేవుడి ఇల్లు దోచేవాడు కూడా ఉంటాడా అని అందరి ధీమా.

793వ సంవత్సరం జూన్ నెలలో ఒకనాడు సముద్రం మీద కొత్తరకం ఓడలు కనిపించాయి. సన్నగా, పొడుగ్గా ఉన్న ఆ ఓడలు రేవు కోసం చూడలేదు. తిన్నగా వచ్చి ఇసుకలోకి ఎక్కాయి. గొడ్డళ్ళూ కత్తులూ పట్టుకుని మనుషులు దూకారు. అడ్డు వచ్చిన సన్యాసులను చంపారు, కొందరిని బంధించి తీసుకుపోయారు, వెండి బంగారాలు మూటగట్టుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సంగతి తెలుసుకుని వచ్చేలోగా ఓడలు వెళ్ళిపోయాయి.

ఈ వార్త యూరప్ ఖండమంతా పాకింది. అప్పట్లో ఫ్రాంకుల రాజైన షార్లమేన్ కొలువులో ఆల్క్విన్ అనే ఇంగ్లీషు పండితుడు ఉండేవాడు. ఆయన గుండె చెదిరి, స్వదేశపు రాజుకూ, మఠం పెద్దకూ ఉత్తరాలు రాశాడు. ఆ ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ తరువాత రెండు వందల ఏళ్ళపాటు ఇంగ్లండులోనూ, ఐర్లండులోనూ, ఫ్రాన్సులోనూ ఎన్నో మఠాల సన్యాసులు తమ మీద జరిగిన దాడులను సంవత్సరాలవారీగా రాసి పెట్టారు. ఆ దాడులు చేసినవారినే మనం వైకింగులు అంటున్నాం. నార్వే, స్వీడన్, డెన్మార్కు దేశాల పూర్వీకులు వాళ్ళు. ఆ దేశాలున్న ప్రాంతానికి స్కాండినేవియా అని పేరు.

ఇక్కడ ఒక చిత్రం ఉన్నది. దెబ్బ తిన్నవారికి గ్రంథాలు రాసే అలవాటు ఉన్నది. దెబ్బ కొట్టినవారికి లేదు. వైకింగులకు రూన్లు అనే లిపి ఉండేది గాని, రాళ్ళ మీదా, కర్రల మీదా నాలుగు మాటలు చెక్కడానికి మాత్రమే వాళ్ళు దాన్ని వాడేవారు. అందుచేత చాలాకాలం ప్రపంచానికి ఒక పక్షం వారి మాటే వినిపించింది. సన్యాసులు రాసింది అబద్ధం కాదు. కాని అంతటితో కథ పూర్తి కాలేదు. మిగిలిన సగం మట్టిలోనూ, నీళ్ళలోనూ, మాటల్లోనూ దాగి ఉండి, ఆ తరువాత బయటపడింది. ఆ రెండు సగాలూ కలిపి చూద్దాం.

కొండలూ, నీళ్ళూ, చలీ

పటం తీసి యూరప్‌కు ఉత్తరాన చూడండి. నార్వే ఒడ్డంతా చిరిగిన గుడ్డ అంచులాగా కనిపిస్తుంది. కొండల మధ్యకు సన్నగా, లోతుగా చొచ్చుకుపోయిన సముద్రపు పాయలు అవి. వాటిని ఫియోర్డులు అంటారు. నార్వేలో నూటికి మూడు పాళ్ళ నేల మాత్రమే సాగుకు పనికివస్తుంది. స్వీడన్ నిండా అడవులూ, సరస్సులూ. డెన్మార్కు చదునైన నేలే గాని, చుట్టూ సముద్రం, వందలాది దీవులు.

ఇటువంటి చోట బార్లీ పండించుకుని, గొర్రెలనూ ఆవులనూ మేపుకుని, చేపలు పట్టుకుని జనం బతికేవారు. వైకింగు అంటే ఒక జాతి పేరు అనుకుంటాం. నిజానికి ఆ రోజుల్లో అది ఒక పని పేరు; ఓడ ఎక్కి దోపిడికి పోయేవాడికి ఆ పేరు. నూటికి తొంభైమంది ఎన్నడూ అటువంటి పనికి పోకుండా ఇంటి దగ్గర పొలం చూసుకున్న రైతులే అయి ఉంటారు. పోయినవారు కూడా విత్తనాలు చల్లి బయలుదేరి, కోతల వేళకు తిరిగి వచ్చేవారు.

వాళ్ళు ఎందుకు బయలుదేరారు? దీనికి ఒకే కారణం చెప్పలేం. ఉన్న కాస్త నేలా అన్నదమ్ములకు పంచితే చాలేది కాదు. నాయకులు ఒకరితో ఒకరు పోటీపడేవారు. వెండి పంచిపెట్టగలిగిన నాయకుడి వెంటే మనుషులు నిలిచేవారు. సముద్రానికి అవతల వర్తకపు పట్టణాల్లోనూ, మఠాల్లోనూ వెండి ఉన్నదని వాళ్ళకు వర్తకం వల్లనే తెలిసింది. అక్కడికి పోవడానికి సాధనం కూడా చేతికి వచ్చింది. అదే ఓడ.

పెంకుల్లా పేర్చిన పలకలు

నార్వేలో గోక్‌స్టాడ్ అనే చోట పొలంలో ఒక పెద్ద మట్టిదిబ్బ ఉండేది. 1880లో దాన్ని తవ్వితే లోపల పూర్తి ఓడ కనిపించింది! ఎవరో గొప్పవాడు చనిపోతే అతన్ని ఓడలో పడుకోబెట్టి, ఓడతో సహా పాతిపెట్టారు. బంకమట్టి గాలి తగలనివ్వలేదు గనుక వెయ్యేళ్ళయినా కొయ్య చెక్కుచెదరలేదు.

ఆ ఓడ పొడవు 75 అడుగుల పైన, వెడల్పు సుమారు 17 అడుగులు. తెడ్లు 32. అడుగున ఓక్ చెట్టు నుంచి తీసిన ఒకే పొడుగాటి దూలం ఉన్నది. దానికి రెండు వైపులా పలకలు బిగించారు. పెంకుటింటి కప్పు మీద ఒక పెంకు అంచు మీదికి ఇంకో పెంకు వచ్చేలా పరుస్తాం చూడండి, సరిగ్గా అలాగే ఒక పలక అంచు మీద ఇంకో పలక ఎక్కించి, ఇనుప చీలలు కొట్టారు. సందుల్లో తారు పూసిన ఉన్నీ, వెంట్రుకలూ దట్టించి నీరు రాకుండా చేశారు.

ఆ పలకలు రంపంతో కోసినవి కావు. చెట్టు బోదెను నిలువునా చీల్చి, గొడ్డలితో చెక్కినవి. రంపం కొయ్యలోని నారను అడ్డంగా తెంచివేస్తుంది. చీల్చిన పలకలో నార తెగదు. అందుచేత అంగుళం మందం పలక కూడా ఎంతో గట్టిగా ఉంటుంది, పైగా కాస్త వంగుతుంది. పెద్ద అల వచ్చి కొడితే ఓడ మొండిగా నిలబడదు. అలతో పాటు వంగి లేస్తుంది.

ఓడ తేలిక కాబట్టి మూడడుగుల నీళ్ళుంటే చాలు, తేలుతుంది. సముద్రం దాటి వచ్చిన ఓడే నదిలోకి కూడా ఎక్కిపోతుంది. ముందూ వెనకా ఒకే ఆకారం గనుక తిప్పుకునే పని లేకుండా వెనక్కి మళ్ళవచ్చు. తెరచాప ఉన్నితో నేసినది. ఒక్క చాపకు ఎన్నో గొర్రెల ఉన్ని కావాలి. ఇంటి ఆడవాళ్ళు నెలల తరబడి వడికి, నేసి ఇస్తే గాని మగవాళ్ళు సముద్రం మీదికి పోయే వీలు లేదు. ఆ మాట యుద్ధ కథల్లో ఎక్కడా కనిపించదు.

ఆ సమాజంలో స్త్రీకి ఎంత గౌరవం ఉండేదో ఇంకొక దిబ్బ చెప్పింది. 1904లో ఓసెబర్గ్ అనే చోట తవ్విన ఓడ అన్నిటికంటె అందమైనది. ముక్కు నుంచి తోక దాకా చెక్కడపు పని. అందులో బండీ, స్లెడ్జిలూ, మంచాలూ, వంట సామానూ ఉన్నాయి. 834లో పాతిపెట్టిన ఆ ఓడలో ఉన్నవి ఇద్దరు స్త్రీల అస్థికలు!

ఇంత సన్నని ఓడ మహాసముద్రం దాటగలదా అని కొందరు సందేహించారు. 1893లో మాగ్నస్ ఆండర్సన్ అనే నార్వే కెప్టెన్ గోక్‌స్టాడ్ ఓడను చూసి అచ్చం అటువంటి ఓడ కట్టించి, నార్వే నుంచి 28 రోజుల్లో అమెరికా ఒడ్డు చేరాడు. అక్కణ్ణుంచి ఆ ఓడ చికాగోలో జరుగుతున్న ప్రపంచ ప్రదర్శనకు వెళ్ళింది. అదే ఏడాది సెప్టెంబరులో, ఆ ప్రదర్శనకు అనుబంధంగా జరిగిన సర్వమత మహాసభలోనే స్వామి వివేకానందుడు మాట్లాడాడు.

కత్తీ, కప్పమూ, కమతమూ

లిండిస్‌ఫార్న్ తరువాత దాడులు ఏటేటా పెరిగాయి. 845లో వైకింగులు సేన్ నదిలో ఎదురెక్కి పారిస్ నగరాన్నే పట్టుకున్నారు. ఫ్రాంకుల రాజు 7,000 పౌన్ల వెండి ఇచ్చి వాళ్ళను పంపించాడు. ఒకసారి ఇచ్చిన చేతిని వాళ్ళు మరిచిపోతారా? మళ్ళీ మళ్ళీ వచ్చారు. ఐర్లండులో డబ్లిన్ పట్టణానికి పునాది వేసింది వాళ్ళే. అక్కడ బానిసల సంత జరిగేది. పొలాల్లోనూ, మఠాల్లోనూ పట్టుకున్న మనుషులను పశువుల్లా అమ్మేవారు. ఓడల అందం చూసి మురిసిపోయేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు. తల్లికి దూరమై ఆ సంతలో నిలబడిన పిల్లవాడికి ఓడ చెక్కడపు పని కనిపించి ఉండదు.

865లో డేనులు, అనగా డెన్మార్కువాళ్ళు, దోచుకుపోయేందుకు కాక ఉండిపోయేందుకే పెద్ద సైన్యంతో ఇంగ్లండులో దిగారు. అప్పట్లో ఇంగ్లండు ఒక్క రాజ్యం కాదు. ఒక్కొక్క రాజ్యమే పడిపోయి, చివరకు వెస్సెక్స్ ఒక్కటి మిగిలింది. దాని రాజు ఆల్‌ఫ్రెడ్. 878 చలికాలంలో గుత్రుమ్ అనే డేను నాయకుడు హఠాత్తుగా మీద పడేసరికి ఆల్‌ఫ్రెడ్ కొద్దిమందితో తప్పించుకుని, బురద చిత్తడుల మధ్య దాక్కున్నాడు. అక్కణ్ణుంచే రహస్యంగా మనుషులను కూడగట్టి, వసంతంలో ఎడింగ్టన్ దగ్గర గుత్రుమ్‌ను ఓడించాడు.

ఇక్కడ ఆల్‌ఫ్రెడ్ చేసిన పని చూడండి. శత్రువు చేతికి చిక్కాడు. తల తీయించవచ్చు. కాని అతను గుత్రుమ్‌కు క్రైస్తవ దీక్ష ఇప్పించి, తానే ధర్మపితగా నిలబడి, కొన్నాళ్ళు అతిథిగా ఉంచుకుని కానుకలిచ్చి పంపాడు. తరువాత ఇద్దరూ ఒడంబడిక చేసుకుని సరిహద్దు గీసుకున్నారు. ఆ గీతకు అవతల డేనులు తమ పద్ధతులతో కాపురముండి, గొడ్డలి పక్కన పెట్టి నాగలి పట్టారు. ఆల్‌ఫ్రెడ్ ఏమీ ఏమరలేదు సుమా! కోటలు కట్టించాడు, ఓడలు కట్టించాడు. ఆ తరువాతే ఇంగ్లండు ఒక్క రాజ్యం కావడం మొదలుపెట్టింది.

ఫ్రాన్సులో కూడా ఇలాగే జరిగింది. 911లో రాజు మూడవ ఛార్లెస్, రోలో అనే వైకింగు నాయకుడికి సేన్ నది ముఖద్వారం దగ్గర భూమి ఇచ్చి, మిగతావాళ్ళు రాకుండా కాపలా కాయమన్నాడు. దొంగ చేతికే తాళంచెవి ఇవ్వడమన్నమాట! అప్పటి సంగతి ఒక కథగా చెబుతారు. రాజు పాదం ముద్దుపెట్టుకోవాలని సభలోవాళ్ళు రోలోతో అన్నారట. రోలో వంగడానికి ఇష్టపడక తన మనిషికి సైగ చేశాడు. ఆ మనిషీ వంగలేదు. రాజు పాదాన్నే పట్టుకుని తన నోటి దాకా ఎత్తాడు. రాజు వెల్లకిలా పడ్డాడు!

కథ ఎలా ఉన్నా, ఉత్తరాదివాళ్ళు, అనగా నార్మనులు, స్థిరపడిన ఆ ప్రాంతానికి నార్మండీ అని పేరు వచ్చింది. రెండు మూడు తరాల్లో వాళ్ళు ఫ్రెంచి మాట్లాడసాగారు. ఒకప్పుడు మఠాలు కాల్చినవారి మనుమలే మఠాలు కట్టించారు.

1016లో క్నూట్ అనే డేను రాజకుమారుడు ఇంగ్లండు మొత్తానికి రాజయ్యాడు. తరువాత డెన్మార్కు, నార్వే కూడా అతని కిందికి వచ్చాయి. అతని గురించి కూడా ఒక కథ ఉన్నది. మీ మాట సముద్రం కూడా వింటుందని కొలువులోవాళ్ళు పొగుడుతూంటే, క్నూట్ తన సింహాసనాన్ని సముద్రపు ఒడ్డున వేయించి కూర్చుని, అలలను ఆగమన్నాడట. పోటు వచ్చి రాజు కాళ్ళు తడిపింది. రాజు అధికారం ఏపాటిదో చూడండని అతను కొలువువారికి చెప్పాడట.

1066వ సంవత్సరంతో ఈ యుద్ధాల కథ ఒక కొలిక్కి వస్తుంది. ఆ ఏడు నార్వే రాజు హరాల్డ్ హార్డ్‌రాడా ఇంగ్లండు మీదికి వచ్చి, సెప్టెంబరు 25న స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జి యుద్ధంలో చనిపోయాడు. గెలిచిన ఇంగ్లీషు రాజు హెరాల్డ్, పట్టుమని మూడు వారాలు కాకముందే, అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర విలియం చేతిలో ఓడి చనిపోయాడు. ఈ విలియం ఎవరు? నార్మండీ ప్రభువు, రోలో వంశంవాడు. ఓడిపోయిన హెరాల్డ్ తల్లి డెన్మార్కు స్త్రీ. అంటే, ఆ ఏడు ఇంగ్లండు కోసం పోరాడిన ముగ్గురిలోనూ ఉత్తరాది రక్తం ఉన్నది!

తూర్పు దారి

స్వీడన్‌వాళ్ళు ఎక్కువగా తూర్పు వైపు వెళ్ళారు. బాల్టిక్ సముద్రం దాటి, నీపర్, వోల్గా నదుల వెంట దిగేవారు. ఒక నది నుంచి ఇంకో నదికి పోవలసివస్తే ఓడనే నేల మీదికి లాగి, దుంగల మీద దొర్లించుకుపోయేవారు. బొచ్చు తోళ్ళూ, తేనె, మైనమూ, బానిసలూ తీసుకుపోయి, పట్టూ, వెండీ తెచ్చుకునేవారు. ఆ ప్రాంతంవాళ్ళు వీళ్ళను రూస్ అన్నారు. రష్యా అనే పేరు ఆ మాట నుంచే వచ్చింది.

కొందరు కాన్‌స్టాంటినోపుల్ దాకా పోయి, అక్కడి చక్రవర్తికి అంగరక్షకులుగా కొలువు చేశారు. ఆ నగరాన్నే ఇప్పుడు ఇస్తాంబుల్ అంటున్నాం. అక్కడి హేగియా సోఫియా అనే గొప్ప కట్టడంలో చలువరాతి పిట్టగోడ మీద ఒకడు రూన్ లిపిలో తన పేరు గీశాడు. హాల్ఫ్‌డాన్ అన్నది ఇప్పటికీ చదవవచ్చు. గోడల మీద పేర్లు గీసే దురలవాటు అంత పాతది!

స్వీడన్‌కు చెందిన గోట్లండ్ దీవిలో 1999లో ఒక పొలంలో వెండి నిధి దొరికింది. మొత్తం 67 కిలోలు. అందులో సుమారు 14,000 నాణేలు. వాటిలో దాదాపు అన్నీ అరబ్బు దేశాల నాణేలే. బాగ్దాదు వైపు వెండి బాల్టిక్ దీవి దాకా పాకిందన్నమాట.

అంతకన్న ఆశ్చర్యం ఇంకొకటి ఉన్నది. స్టాక్‌హోమ్ దగ్గర మేలారెన్ సరస్సులో హెల్గో అనే దీవి ఉన్నది. వైకింగుల కాలానికి ముందు నుంచే అది వర్తకపు చోటు. 1950లలో అక్కడ తవ్వుతూంటే ఒక చిన్న కంచు విగ్రహం బయటపడింది. ఎత్తు ఎనిమిదిన్నర సెంటీమీటర్లకు లోపే. పద్మం మీద కూర్చున్న బుద్ధుడు! అది మన దేశపు వాయవ్య దిక్కున, సుమారు ఆరవ శతాబ్దంలో పోతపోసిన విగ్రహమని తేలింది. వర్తకుల చేతులు మారి మారి, ఎడారులూ నదులూ దాటి, మంచు దేశం చేరింది. అదే దీవిలో ఐర్లండు మఠాధిపతి చేతికర్ర పిడీ, ఈజిప్టు నుంచి వచ్చిన గరిటే కూడా దొరికాయి.

కాకులు చూపిన దేశం

నార్వేవాళ్ళు పడమటికి పోయారు. ఫ్లోకీ అనే నావికుడి కథ ఐస్లండు ప్రజలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అతను మూడు మాలకాకులను పంజరంలో పెట్టుకుని బయలుదేరాడట. కొంతదూరం పోయాక ఒకదాన్ని వదిలితే అది వచ్చిన దారినే వెనక్కి పోయింది. ఇంకా ముందుకు పోయి రెండోదాన్ని వదిలితే అది చుట్టూ తిరిగి మళ్ళీ ఓడ మీదే వాలింది. మూడోది మాత్రం తిన్నగా ముందుకు ఎగిరిపోయింది. ఓడను దాని వెంట నడిపితే నేల కనిపించింది. అదే ఐస్లండు. 870 ప్రాంతం నుంచి జనం అక్కడికి వెళ్ళి కాపురాలు పెట్టారు.

అక్కణ్ణుంచి ఎర్ర ఎరిక్ అనేవాడు 985 ప్రాంతంలో గ్రీన్లండులో జనాన్ని స్థిరపరిచాడు. హత్యానేరం మీద దేశం నుంచి వెళ్ళగొట్టబడినవాడు అతను. నేలలో చాలా భాగం మంచే అయినా, మంచి పేరు పెడితే జనం వస్తారని దానికి పచ్చదేశం అని పేరు పెట్టాడట! అతని కొడుకు లీఫ్ ఇంకా పడమటికి పోయి, 1000వ సంవత్సరం ప్రాంతంలో ఒక కొత్త దేశం చూశాడని పాత కథలు చెప్పాయి. చాలాకాలం ఎందరో దీన్ని కట్టుకథ అన్నారు.

1960లో హెల్గె ఇంగ్‌స్టాడ్, ఆయన భార్య ఆన్ స్టీన్ ఇంగ్‌స్టాడ్ అనే నార్వే దంపతులు, కెనడాలో న్యూఫౌండ్లండ్ దీవి ఉత్తరపు కొనన గడ్డి కప్పిన పాత గోడల ఆనవాళ్ళు కనుక్కున్నారు. తవ్వి చూస్తే అవి ఉత్తరాదివాళ్ళ ఇళ్ళే! అయితే ఏ సంవత్సరంలో ఉన్నారు? దీనికి 2021లో శాస్త్రజ్ఞులు జవాబు చెప్పారు. 993లో అంతరిక్షం నుంచి వచ్చిన తీవ్రమైన కిరణాల వల్ల, అప్పుడు బతికున్న చెట్లన్నిటిలోనూ ఆ ఏటి వలయంలో ఒకరకం కర్బనం ఎక్కువగా చేరింది. అది సూర్యుడి మీద రేగిన తుఫాను వల్లనే కావచ్చు. ఇంగ్‌స్టాడ్ దంపతులు కనుగొన్న ఆ చోట ఇనుప పనిముట్లతో నరికిన కొయ్యలు దొరికాయి. వాటిలో ఆ గుర్తున్న వలయం నుంచి బెరడు దాకా లెక్కపెడితే 28 వలయాలు వచ్చాయి. కూడి చూడండి. 1021లో ఆ చెట్లు నరికారు! కొలంబస్ 1492లో బయలుదేరడానికి 471 ఏళ్ళ ముందన్నమాట. అక్కడి ఆదివాసులతో కలహాలు వచ్చాయనీ, అందుచేత ఉత్తరాదివాళ్ళు ఎక్కువకాలం నిలవలేదనీ కథలు చెబుతున్నాయి.

దుప్పటి కింద ఒక పగలు, ఒక రాత్రి

ఇప్పుడు నేను అన్నిటికంటె ముఖ్యమనుకునే సంగతి చెబుతాను.

ఐస్లండుకు రాజు లేడు. తగాదాలు వస్తే తీర్చేది ఎవరు? 930లో వాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఏటా జూన్‌లో దేశంలోని పెద్దలూ, రైతులూ ఒక మైదానంలో కలుసుకోవాలి. ఆ సభ పేరు ఆల్‌థింగ్. థింగ్ అంటే సభ అని అర్థం. చట్టాలు రాసి ఉండేవి కావు. వాటిని నోటికి తెలిసిన ఒక పెద్దను ఎన్నుకునేవారు. ఆయన ఒక బండ మీద నిలబడి ఏటా మూడో వంతు చట్టం చొప్పున మూడేళ్ళలో మొత్తం అప్పజెప్పేవాడు. తప్పు పోతే పెద్దలు దిద్దేవారు. ఆడవాళ్ళకూ, బానిసలకూ ఆ సభలో నోరు లేదు; అంతమాత్రాన అది చిన్న సంగతి కాదు. కత్తితో తేలవలసిన తగాదాలు మాటతో తేల్చుకునేందుకు ఒక చోటు ఏర్పడింది.

1000వ సంవత్సరం ప్రాంతంలో ఆ సభకు పెద్ద పరీక్ష వచ్చింది. కొంతమంది క్రైస్తవులయ్యారు. మిగతావాళ్ళు ఓడిన్, థోర్ మొదలైన పాత దేవతలనే కొలుస్తున్నారు. రెండు పక్షాలూ ఆయుధాలతో సభకు వచ్చి, ఇకమీదట మీ చట్టం మాకు వద్దంటే వద్దన్నాయి. చివరకు, చట్టం చెప్పే పెద్ద అయిన థోర్‌గేర్ ఏమి చెబితే దానికి కట్టుబడతామని ఒప్పుకున్నారు. థోర్‌గేర్ పాత మతంవాడు.

అతను తన డేరాలోకి పోయి, పడుకుని, మీద దుప్పటి కప్పుకున్నాడు. ఆ పగలంతా, ఆ రాత్రంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు లేచి, బండ ఎక్కి, జనాన్ని పిలిచాడు. చట్టాన్ని రెండుగా చీలిస్తే దేశంలో శాంతి మిగలదని వివరించాడు. తరువాత తీర్పు చెప్పాడు: అందరూ క్రైస్తవ మతం పుచ్చుకోవాలి, అయితే పాత దేవతలను ఇంట్లో చాటుగా కొలుచుకునేవాళ్ళను ఎవరూ శిక్షించకూడదు.

అతను తన పక్షానికే ఓటమి చెప్పాడు. అయినా అతని పక్షంవారు మాట తప్పలేదు. వచ్చిన గొడ్డళ్ళు వచ్చినట్టే తిరిగి వెళ్ళాయి. లిండిస్‌ఫార్న్ దోపిడి జరిగి రెండు వందల ఏళ్ళు కాగానే, అదే ప్రజలు ఒక ముసలి పెద్ద మాట మీద యుద్ధం మానుకున్నారు. ఆల్‌థింగ్ నడుమ కొన్నేళ్ళు ఆగినా, ఇప్పటికీ ఐస్లండు పార్లమెంటు పేరు అదే.

మాటల్లో మిగిలినవారు

మీరు బడిలో నేర్చుకునే ఇంగ్లీషులో కూడా ఈ ఉత్తరాదివాళ్ళు దాక్కుని ఉన్నారు. స్కై, ఎగ్, నైఫ్, లా, హజ్బెండ్ అన్నవి వాళ్ళ మాటలే. చూడండి, అందులో కత్తీ ఉన్నది, చట్టమూ ఉన్నది! విండో అన్నది కూడా వాళ్ళ మాటే. దానికి గాలి కన్ను అని అర్థం. కిటికీకి మన గ్రంథాల్లో గవాక్షమనే పేరు ఉన్నది గదా, దానికి ఆవు కన్ను అని అర్థం. ఇంటికి కన్ను ఉంటుందని ఇక్కడివాళ్ళకూ, అక్కడివాళ్ళకూ కూడా తోచింది.

థర్స్‌డే అంటే ఉరుముల దేవుడి రోజు. ఉత్తరాదివాళ్ళు ఆయన్ను థోర్ అన్నారు. ఇక ఐస్లండు భాషలో శనివారానికి స్నానపు రోజు అని అర్థం. మన ఇళ్ళలో శనివారం తలంట్లు లేవూ, అలాగే. డేనులు వారం వారం స్నానం చేసి, రోజూ తల దువ్వుకుంటారని ఒక ఇంగ్లీషు సన్యాసి రాశాడు. మెచ్చుకుంటూ కాదు, ఇంగ్లీషు ఆడపిల్లలు వాళ్ళను ఇష్టపడుతున్నారన్న దుగ్ధతో! వాళ్ళ సమాధుల్లో దువ్వెనలు కూడా దొరుకుతున్నాయి.

బొమ్మల్లో వైకింగులకు కొమ్ముల టోపీలు పెడతారు. అది శుద్ధ తప్పు. పంతొమ్మిదో శతాబ్దంలో నాటకాలవాళ్ళు, చిత్రకారులు కల్పించిన వేషం అది. 1943లో నార్వేలో దొరికిన అసలు శిరస్త్రాణం గుండ్రటి ఇనుప టోపీ, కొమ్ములు లేవు. మీ ఇంట్లోని ఫోనులో బ్లూటూత్ ఉంటుంది. పదో శతాబ్దంలో డెన్మార్కును ఏకం చేసిన హరాల్డ్ బ్లూటూత్ రాజు పేరే దానికి 1990లలో పెట్టారు. దాని గుర్తు ఆ రాజు పేరులోని రెండు రూన్ అక్షరాల కలయిక.

నార్వే, స్వీడన్, డెన్మార్కు దేశాలు ఆ తరువాత కూడా కొన్ని వందల ఏళ్ళు ఒకదానితో ఒకటి యుద్ధాలు చేసుకున్నాయి. కాని 1814 తరువాత వాటి మధ్య యుద్ధమంటూ రాలేదు. 1905లో నార్వే, స్వీడన్ నుంచి విడిపోదలచినప్పుడు రెండు వైపులా సైన్యాలు కదిలాయి. కాని చివరకు బల్లముందు కూర్చుని మాట్లాడుకుని, ఒక్క తుపాకీ పేలకుండా విడిపోయారు. నార్వే పార్లమెంటు పేరు స్టోర్‌టింగ్, డెన్మార్కు పార్లమెంటు పేరు ఫోల్కెటింగ్. రెండింటిలోనూ ఆ పాత థింగ్ అన్న మాటే వినిపిస్తుంది.

కాబట్టి పిల్లలూ, ఒక జాతిని గురించి చదివేటప్పుడు, ఇది ఎవరు రాశారు, ఎదుటివాళ్ళు ఏమి విడిచిపోయారు అని రెండు ప్రశ్నలు వేసుకోండి. లిండిస్‌ఫార్న్ సన్యాసులు ఏడ్చింది నిజం. థోర్‌గేర్ దుప్పటి కింద ఆలోచించిందీ నిజం. రెండూ తెలిసినవాడికే ఆ ప్రజల చరిత్ర తెలిసినట్టు.